ఒక్క ట్రాక్టర్, పదిహేను బస్తాలు



మృగశిర కార్తె దగ్గర పడిందంటే సంగారెడ్డి చుట్టుపక్కల ఎరువుల దుకాణాల ముందు ట్రాక్టర్ ట్రాలీలు బారులు తీరుతాయి. దుక్కి సంగతి, విత్తనం సంగతి, వాన సంగతి మనం చాలా మాట్లాడుకుంటాం. ఈ రోజు అవేవీ కావు. బస్తా సంగతి మాట్లాడదామని వచ్చాను. దుకాణంలో కొన్న ఎరువు బస్తా, మన మాటలో పిండి బస్తా, చేనుకు చేరి, ఎరువు చల్లే యంత్రం తొట్టిలో పడేదాకా దాన్ని ఎవరు మోస్తున్నారు, ఎన్నిసార్లు ఎత్తుతున్నారు, అందులో ఎన్ని ఎత్తుళ్లు అసలు అక్కరలేనివి, అదీ నేటి మాట.

దీనికి కొండాపూర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇది హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూర్ కాదు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్ మండలం. శాతవాహనుల నాటి నాణేలు దొరికిన దిబ్బ, దాని పక్కన మ్యూజియం ఉన్న ఊరు. చుట్టూ నల్లరేగళ్లు, పత్తి, కంది, మక్క. అటు పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్ ఫ్యాక్టరీలు. పొద్దున షిఫ్టు బస్సెక్కి ఫ్యాక్టరీకి పోయి, సాయంత్రం వచ్చి చేన్లో పని చూసుకునే కుటుంబాలు ఈ పట్టీలో చాలా ఉన్నాయి. అందుకే ఈ ఊరినే తీసుకున్నాను. ఒకే మనిషి రెండు చోట్లా బరువులతో పని చేస్తాడు. ఫ్యాక్టరీలో బరువెత్తాలంటే చైన్ బ్లాక్ ఉంటుంది, ఫోర్క్ లిఫ్ట్ ఉంటుంది, ట్రాలీ జాక్ ఉంటుంది. లారీల దగ్గర హమాలీ అన్నలు ఇంకా వీపు మీదనే మోస్తున్నారు, కాదనను. కానీ షాపు లోపల యాభై కిలోల వస్తువును ఎత్తే ముందు 'దేంతో ఎత్తాలి' అని అడిగే అలవాటు వచ్చింది. అదే మనిషి చేన్లోకి వచ్చేసరికి ఆ ప్రశ్న మరిచిపోతాడు. తువ్వాల భుజాన వేసుకుని బస్తా వీపుకెత్తుకుంటాడు.

ముందు లెక్క చూద్దాం. పత్తికి ఎకరానికి 48 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 24 కిలోల పొటాష్ వేయమని మన జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు. భాస్వరమంతా ఆఖరి దుక్కిలోనే వేయాలి. దాన్ని సూపర్ రూపంలో, అంటే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌గా వేద్దామనుకోండి. సూపర్‌లో భాస్వరం నూటికి 16 పాళ్లు. అంటే 24 కిలోల భాస్వరానికి 150 కిలోల సూపర్ కావాలి. యాభై కిలోల బస్తాలు ఎకరానికి మూడు. ఐదెకరాల రైతుకు పదిహేను. 750 కిలోలు.

750 కిలోలేనా, ఒక ట్రాలీకి సగం కూడా కాదు కదా అంటారు మీరు. ట్రాలీ సంగతి నిజమే. మనిషి సంగతి వేరు. బస్తా దుకాణం గోదాంలోంచి ట్రాలీలోకి ఎక్కుతుంది, అది ఒకటి. ఇంటికొచ్చాక ట్రాలీలోంచి నేల మీదికి దిగుతుంది, రెండు. వాన చూసుకుని చేనుకు పోయే రోజు మళ్లీ ట్రాలీకెక్కుతుంది, మూడు. చేను దగ్గర గట్టు మీద దిగుతుంది, నాలుగు. గట్టు మీంచి యంత్రం తొట్టిలోకి ఎక్కుతుంది, ఐదు. పదిహేను బస్తాలు, ఐదుసార్లు, డెబ్బై ఐదు ఎత్తుళ్లు. మొత్తం కలిపితే 3,750 కిలోలు. ఇంత బరువు ఒక్క రైతు ఇంట్లో ఇద్దరి ముగ్గురి నడుముల మీదుగా పోతోంది, ఒక్క అడుగు పిండికే. ఆ తర్వాత యూరియా ఉంది, పొటాష్ ఉంది, ఏరిన పత్తి బోరాలు ఉన్నాయి.

ఈ ఐదింటిలో నాలుగోది, ఐదోది మనకు ఎందుకు వచ్చిపడుతున్నాయో చూడండి. మన చేతిలో ఉన్నది ఒక్క ట్రాక్టర్. మన సొంతమో, కిరాయిదో. జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉన్న జిల్లానే మనది. అయినా రెండు ట్రాక్టర్లు ఒకే చేన్లో ఒకేసారి నిలబడటం సన్నకారు రైతుకు జరిగే పని కాదు. బస్తాలు తెచ్చే ట్రాలీకి అదే ట్రాక్టర్. ఎరువు చల్లే యంత్రానికీ అదే ట్రాక్టర్. ట్రాలీ హుక్కు పిన్ను తీస్తే గాని వెనక మూడు చేతుల లింకేజికి యంత్రం తగలదు. యంత్రం తగిలిస్తే ట్రాలీ కదలదు. డ్రైవర్‌కు ట్రాలీ వాపసు తీసుకుపోయే తొందర. అందుకని బస్తాలన్నీ గట్టు మీద దింపేస్తాం. గట్టు మీద దింపిన క్షణంలోనే ఆ బస్తా నేలకు చేరింది. నేల మీది బస్తాను ఛాతీ ఎత్తున ఉన్న తొట్టి అంచు దాకా లేపడం, ఈ మొత్తం పనిలో నడుముకు అన్నిటికన్నా పెద్ద దెబ్బ అదే.

ఇది మన ఒక్కరి కష్టమే కాదు. ఇంగ్లండు వంటి దేశాల్లో ఇప్పుడు ఎరువు 600 కిలోల పెద్ద సంచుల్లో వస్తుంది. మనిషి దాన్ని ముట్టుకోడు, ట్రాక్టర్ ముందుండే లోడర్ చేయి ఎత్తుతుంది. కానీ అక్కడ కూడా ఒకే ట్రాక్టర్ ఉన్న చిన్న రైతుకు ఇదే చిక్కు. లోడర్ ముందుంటుంది, యంత్రం వెనకుంటుంది, తన వెనక తగిలించుకున్న తొట్టిలో తనే పోసుకోలేదు. యంత్రాన్ని దింపి, చుట్టూ తిరిగొచ్చి, ముందు చేతితో సంచి ఎత్తి పోసి, మళ్లీ వెనక్కి వచ్చి తగిలించుకోవాలి. మన దగ్గర లోడర్ కూడా లేదు. అందుకని మన ఉపాయం మన దగ్గరున్న వస్తువులతోనే కావాలి. ఆ వస్తువు ట్రాలీయే.

ట్రాలీని బస్తాలు తెచ్చే బండి అని మాత్రమే చూడకండి. చేన్లో అది ఒక అరుగు. బస్తాలు దాని మీద ఉన్నంతసేపు అవి నడుము ఎత్తులోనే ఉన్నట్టు. ఆ ఎత్తును మనమే ఒకసారి కష్టపడి సంపాదించాం, దుకాణం దగ్గర ఎక్కించినప్పుడు. దాన్ని గట్టు మీద పారేసుకుని మళ్లీ సంపాదించడం ఎందుకు? ట్రాలీని బస్తాలతో సహా చేను చివర నిలబెట్టి, ట్రాక్టర్‌ను విప్పుకుని, యంత్రం తగిలించుకుని, వెనక్కి వచ్చి యంత్రం తొట్టిని ట్రాలీ వెనక డోరు దగ్గరికి ఆనించేంత దగ్గరగా తెస్తే, బస్తాను ఎత్తే పని ఉండదు. జరిపితే చాలు.

కొండాపూర్ దాటాక రోడ్డు పక్క ఒక చేన్లో ఈ పని జరుగుతుంటే దగ్గరగా నిలబడి చూశాను. బావాబామ్మర్దులు ఇద్దరు. ట్రాలీ మీద బామ్మర్ది, కింద బావ. బావకు యాభై దాటి ఉంటాయి. అలవాటు కొద్దీ ఆయన ట్రాలీ అంచుకు వీపు తిప్పి, వంగి, బస్తా వీపు మీద వేయమన్నట్టు నిలబడ్డాడు. పైనున్న పిల్లగాడు "బావా, నువ్వు జరుగు, ఎత్తకు. నేను నూకుత, నువ్వు మూతి పట్టుకో సాలు" అన్నాడు. బస్తాను రెండు చేతులా డోరు అంచు దాకా నూకాడు. బస్తా సగం ట్రాలీ మీద, సగం తొట్టి అంచు మీద ఆగింది. బావ కుట్టుదారం కొస వెతికాడు. ఎరువు బస్తా మూతికి వేసే కుట్టు గొలుసుకుట్టు. ఒక కొస నుంచి లాగితే ఎంత గుంజినా బిగుసుకుంటుంది, రెండో కొస నుంచి లాగితే సర్రున మొత్తం ఊడొస్తుంది. ఆయన వేళ్లకు ఆ కొస తెలుసు. లాగాడు, మూతి తెరుచుకుంది, లోపలి ప్లాస్టిక్ కవరును చించి పైకి మడిచాడు. పైనున్న పిల్లగాడు బస్తా అడుగు చివరలు రెండూ పట్టుకుని కొంచెం లేపాడు. సూపర్ గుళికలు బూడిదరంగులో జారి తొట్టిలో పడ్డాయి. యాభై కిలోల్లో ఒక్క కిలో కూడా ఎవరి వీపు మీదికీ రాలేదు. ఒక్కో బస్తాకు పట్టిన సమయం ఎత్తి పోసేదానికన్నా తక్కువే.

కొడవలితో బస్తా నడుమ కోసేవాళ్లను కూడా చూస్తుంటాం. అది వద్దు. తెగిన ప్లాస్టిక్ దారాలు, పీలికలు ఎరువుతో పాటు తొట్టిలో పడి, అడుగున గుళిక దిగే కంతకు అడ్డం పడతాయి. ఒక చాలులో పిండి ఎక్కువ పడుతుంది, ఇంకో చాలులో అసలు పడదు. మొక్క మొలిచి నెల అయ్యాక గాని ఆ తేడా కంటికి కనబడదు. తొట్టి మీద ఇనుప జల్లెడ ఉంటే తప్పకుండా పెట్టుకోండి. గడ్డలు, పీలికలు పైనే ఆగుతాయి. బస్తా ఆనించడానికి కూడా అదే ఆధారం. పైగా తొట్టి లోపల తిరిగే కదురులో చేయి పడకుండా అదే కాపాడుతుంది.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇందులో ఒకటి తప్పితే నడుము కాదు, ప్రాణమే పోతుంది. కాబట్టి నిదానంగా చెబుతాను.

మన దగ్గర చాలా ట్రాలీలు రెండు చక్రాలవి. ట్రాక్టర్ హుక్కుకు తగిలించి ఉన్నంతసేపు ముందు బరువు ట్రాక్టర్ మోస్తుంది. విప్పాక ఆ ట్రాలీ తరాజులాగా చక్రాల మీద ఊగుతుంది. బస్తాలన్నీ వెనక డోరు వైపు పేర్చి ముందు పిన్ను తీశారనుకోండి, ముందరి కాడి గుప్పున పైకి లేస్తుంది, వెనక భాగం నేలకు తగులుతుంది. ఆ కాడి దగ్గర వంగి పిన్ను తీస్తున్న మనిషి గడ్డానికే అది తగులుతుంది. అందుకని దుకాణం దగ్గర ఎక్కించేటప్పుడే బస్తాలు చక్రాలకు కొంచెం ముందు వైపు పేర్చాలి. విప్పే ముందు కాడి కింద జాకీ గాని, గట్టి చెక్క దిమ్మె గాని పెట్టాలి. వెనక డోరు కింద కూడా చట్రానికి ఆనేలా ఇంకో దిమ్మె పెట్టాలి. ఎందుకంటే మనం బస్తాలు వెనక్కి జరుపుతూ పోతాం, మనిషి కూడా వెనక అంచు మీదే నిలబడతాడు. బరువంతా వెనక్కి వస్తుంది. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. రేగడి నేల తడిగా ఉంటే దిమ్మె కింద వెడల్పాటి పలక వేయండి, లేకపోతే నిమిషాల్లో మట్టిలోకి దిగిపోతుంది.

రెండోది ఇంకా పెద్దది. ట్రాక్టర్ వెనక్కి వస్తున్నప్పుడు ట్రాలీకి, యంత్రానికి మధ్య మనిషి నిలబడకూడదు. 'రా, రా, ఇంకొంచెం రా' అంటూ మధ్యలో నిలబడి చేయి ఊపుతాం. క్లచ్ మీద కాలు జారితే ఆ ఇనుప తొట్టికి, ట్రాలీ డోరుకు మధ్య నలిగేది ఆ మనిషే. సైగ చేసే మనిషి పక్కన నిలబడాలి, డ్రైవర్‌కు కనబడేలా. పిల్లలను ఆ దరిదాపులకు రానీయొద్దు. డ్రైవర్ కావలసినంత దగ్గరికి వచ్చాక యంత్రాన్ని హైడ్రాలిక్‌తో నేల మీదికి దించాలి, ఇంజన్ ఆపాలి, హ్యాండ్ బ్రేక్ వేయాలి, తాళంచెవి జేబులో పెట్టుకుని దిగాలి. అప్పుడే మిగతావాళ్లు దగ్గరికి రావాలి.

పీటీవో సంగతి మరీ చెప్పాలి. యంత్రం కింది పళ్లెం తిరగడానికి ట్రాక్టర్ వెనక నుంచి వచ్చే షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. లుంగీ కొంగు, తువ్వాల అంచు, చీర చెంగు దానికి చిక్కితే మనిషి 'అయ్యో' అనే లోపలే లోపలికి లాగేస్తుంది. దాని మీద ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. విరిగిపోతే కొత్తది వేయించుకోవాలి. తొట్టి నింపేటప్పుడు అది తిరగనే కూడదు. తొట్టిలో గుళికలు కదలట్లేదని, తిరుగుతున్న యంత్రంలో చేయి పెట్టి కెలకడం ఎవరూ చేయొద్దు. మీకు దండం పెడతాను.

ఇంకో మాట డ్రైవర్లకు. మూడు, నాలుగు వందల కిలోల తొట్టిని వెనక చక్రాల అవతల వేలాడదీసి లేపితే చిన్న ట్రాక్టర్ ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగ్ మాట వినదు. కట్టల మీద ఎక్కించేటప్పుడు, వాగు ఒడ్డున వాలులో తిప్పేటప్పుడు ఇది ప్రమాదం. ముందు బంపర్‌కు బరువులు కట్టుకోండి. లేదా తొట్టిని సగమే నింపి రెండుసార్లు రండి. ట్రాలీ చేను చివరనే ఉంటుంది కాబట్టి రెండోసారి రావడం పెద్ద పని కాదు.

చేను వాలుగా ఉంటే దాన్ని కూడా వాడుకోవచ్చు. ట్రాలీని ఎగువన, గట్టు పైన నిలబెట్టి, యంత్రాన్ని దిగువన చేన్లో పెడితే తొట్టి అంచు ట్రాలీ పలకకు ఒక జానెడు కిందికి వస్తుంది. బస్తా దానంతటదే జారుతుంది. నేల చదునుగా ఉండి తొట్టి అంచే ఎత్తుగా ఉంటే, ట్రాలీ మీద ఒక వరస బస్తాలను మెట్టులా పేర్చి, వాటి మీంచి జరపండి. ఆ మెట్టు బస్తాలు ఆఖరున మిగులుతాయి, వాటికి మాత్రం ఇద్దరూ కలిసి చేయి వేయాలి.

బస్తాను ఒకేసారి పొయ్యాలని ఎక్కడా రాసి లేదు. ఇంట్లో ఆడవాళ్లే ఉన్నప్పుడు, పెద్దవాళ్లే ఉన్నప్పుడు, ట్రాలీ మీదనే బస్తా మూతి విప్పి బేసినుతో పదేసి కిలోలు తోడి పొయ్యండి. ఐదు బేసిన్లతో బస్తా అయిపోతుంది. మన దగ్గర పిండి చల్లేటప్పుడు బస్తాల దగ్గరి నుంచి బేసిన్లు నింపి అందించేది ఎక్కువగా ఆడవాళ్లే. చల్లే మగవాడు కనబడతాడు, మోసే ఆడమనిషి లెక్కలోకి రాదు. ఆమె నడుము మీద ఎంత బరువు పడుతున్నదో ఇంటివాళ్లు కూడా గమనించరు. చేతికి రబ్బరు గ్లవుజులు, లేదంటే కనీసం ఒక పాత ప్లాస్టిక్ కవరు చుట్టుకోమనండి. సూపర్‌లో ఆమ్లం కొంత మిగిలే ఉంటుంది, చెమట పట్టిన చర్మానికి తగిలితే మంట పుడుతుంది. తడి వీపు మీద బస్తా మోసిన హమాలీలను అడగండి, చెబుతారు.

బరువు ఎంతవరకు ఎత్తవచ్చు అన్న ప్రశ్న కొత్తది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే దీని మీద ఒక ఒప్పందం, ఒక సిఫారసు చేసింది. వయసొచ్చిన మగమనిషి ఒక్కడు మోసే బరువు 55 కిలోలు దాటితే దాన్ని తగ్గించే ఏర్పాటు చేయాలని, ఆడవాళ్లకు అంతకన్నా చాలా తక్కువ ఉండాలని అందులో ఉంది. మన ఫ్యాక్టరీల చట్టం 1948 నాటిది, 2025 దాకా అమల్లో ఉంది. దాని 34వ సెక్షన్, గాయం అయ్యేంత బరువును ఎవరి చేతా ఎత్తించకూడదని చెప్పింది. అమెరికాలో నియోష్ అనే సంస్థ 1991లో సవరించిన లెక్క ప్రకారం, బరువు ఒంటికి దగ్గరగా, నడుము ఎత్తులో, ఒళ్లు మెలితిప్పకుండా, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు 23 కిలోలే హద్దు. బరువు నేల మీద ఉంటే, దూరంగా ఉంటే, పక్కకు తిరిగి పెట్టాల్సి వస్తే ఆ అంకె ఇంకా తగ్గుతుంది. గట్టు మీంచి తొట్టిలోకి బస్తా ఎత్తడంలో ఈ మూడూ ఉన్నాయి. నేల మీంచి లేపాలి, ముందుకు చాచాలి, ఒళ్లు తిప్పాలి.

ఫ్యాక్టరీ చట్టం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయేది. పాశమైలారంలో షిఫ్టు చేసే కార్మికుడికి ఆ సెక్షన్ ఉండేది. ఆయనే సాయంత్రం కొండాపూర్ చేన్లో బస్తా ఎత్తినప్పుడు ఆయనకు ఏ సెక్షనూ లేదు. నడుము మాత్రం అదే నడుము. నాకు ఈ విషయంలో నిజంగా బాధ ఉంది. పంట నష్టానికి పరిహారం అడుగుతాం, అడగాలి. నలభై ఐదేళ్లకే వంగలేక, కూర్చుంటే లేవలేక, గోలీలు మింగుతూ బతికే రైతు నష్టం ఏ లెక్కలోనూ ఎక్కదు.

బస్తా బరువు తగ్గించలేరా అంటే, తగ్గించారు. 2018 మార్చి నుంచి యూరియా బస్తా 50 కిలోల నుంచి 45 కిలోలకు వచ్చింది. కానీ కారణం వేరు. రైతు కిలోల లెక్కన కాక బస్తాల లెక్కన వేస్తాడు కాబట్టి బస్తా చిన్నదైతే యూరియా వాడకం తగ్గుతుందని ప్రభుత్వం ఆలోచన. గంధకం పూత వేసిన యూరియా గోల్డ్‌కు 2024లో 40 కిలోల బస్తా పెట్టారు. బస్తా తేలికైంది, మంచిదే. మోసేవాడిని చూసి ఒక్క కిలో అయినా తగ్గించి ఉంటే ఇంకా సంతోషించేవాణ్ణి. సూపర్, డీఏపీ, ఇరవై ఇరవై అనే కాంప్లెక్సు ఎరువు బస్తాలు ఇంకా యాభై కిలోలవే. వీటిని 25 కిలోల సంచుల్లో కూడా అమ్మాలి. సంచి ఖర్చు కొంచెం పెరుగుతుంది, ఆ ఖర్చు నడుము కన్నా ఎక్కువ కాదు.

యూరియా తయారయ్యే రామగుండం ఫ్యాక్టరీ మాట ఒకటి. పాత ఎఫ్.సి.ఐ. కర్మాగారం 1999లో మూతపడ్డాక, కొత్తగా కట్టిన ఆర్.ఎఫ్.సి.ఎల్. 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. 45 కిలోల బస్తాల్లో చూస్తే 2 కోట్ల 82 లక్షల బస్తాలు. గ్యాసు రావడం, గుళిక తయారవడం, సంచి నిండి కుట్టు పడడం, బెల్టు మీద సాగిపోవడం అంతా యంత్రాలే. రైలు వ్యాగన్ దిగిన దగ్గర్నుంచి చేను దాకా మనిషి వీపే. అన్ని కోట్ల బస్తాలు, ఒక్కోటి ఎన్ని వీపులు మారుతుందో ఆలోచించండి. 2025 వానాకాలంలో యూరియా కోసం సొసైటీల ముందు తెల్లవారుజాము నుంచి క్యూలో చెప్పులు పెట్టి నిలబడ్డ రోజులు మనకు గుర్తే. అంత కష్టపడి దొరికిన రెండు బస్తాలను మోయడం గురించి ఆ రోజు ఎవరూ ఆలోచించలేదు, దొరికితే చాలనుకున్నారు.

ఎరువు వేసే తీరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. సూపర్, డీఏపీ వంటి భాస్వరం ఎరువులను పైపైన చల్లడం కన్నా గొర్రుతో విత్తనం పక్కన, కొంచెం లోతున పడేయడం మంచిది. భాస్వరం మట్టిలో పడిన చోటి నుంచి పెద్దగా కదలదు, వేరు దాని దగ్గరికి పోవాలి. ఇది మన జిల్లాకు కొత్త పాఠం కాదు. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. నల్లరేగళ్లలో వెడల్పాటి మడులు, కాలువలు తీసి, ఎడ్లు లాగే చక్రాల పనిముట్టుతో విత్తనం, ఎరువు కలిపి వేసే పద్ధతిని వాళ్లు తయారుచేశారు. 1981-82లో సంగారెడ్డి దగ్గరి తడ్దనపల్లి రైతుల పొలాల్లో ఆ పద్ధతిని పరీక్షించి చూశారు. ఇప్పుడు ఎడ్ల స్థానంలో ట్రాక్టర్ గొర్రు వచ్చింది. దానికీ ఎరువు పెట్టె ఉంటుంది, దాన్నీ నింపాలి. కాబట్టి చల్లే యంత్రం ఉన్నా, ఎరువు గొర్రు ఉన్నా, ట్రాలీని అరుగు చేసుకునే ఈ ఉపాయం ఒకటే.

మొదటి లెక్క దగ్గరికి వస్తాను. ఐదు ఎత్తుళ్లన్నాం. దుకాణం నుంచి ఇంటికి కాక, చల్లే రోజు చూసుకుని నేరుగా చేనుకు తీసుకుపోతే రెండోది, మూడోది పోతాయి. యూరియా దొరకదేమోనన్న భయంతో ముందే కొని పెట్టుకునే కాలమిది, అది నాకూ తెలుసు. అలాంటప్పుడు ఇంటి దగ్గర బస్తాలను నేల మీద కాకుండా ట్రాలీ పలక ఎత్తులో ఉండే అరుగు మీద పెట్టండి. దించడం, ఎక్కించడం రెండూ జరుపుడే అవుతాయి. అరుగు లేకపోతే సిమెంటు ఇటుకల మీద పలకలు పేర్చినా చాలు. తేమ కూడా తగలదు, యూరియా గడ్డ కట్టదు. చేన్లో ట్రాలీని విడిచిపెడితే నాలుగోది పోతుంది. ఐదోది జరుపుడు అవుతుంది. డెబ్బై ఐదు ఎత్తుళ్లలో నిజంగా ఎత్తాల్సినవి దుకాణం దగ్గరి పదిహేనే మిగులుతాయి. దుకాణం గోదాంకు లారీ పలక ఎత్తున అరుగు కట్టి ఉంటే అవి కూడా ఉండవు. కొత్త గోదాం కడుతున్న సొసైటీలు, డీలర్లు ఈ మాట వింటున్నారనుకుంటాను.

ట్రాక్టర్ కిరాయిది అయితే డ్రైవర్ ట్రాలీని చేన్లో విడిచిపెట్టడానికి ఒప్పుకోడు, ఇంకో కిరాయి ఉంది అంటాడు. అందుకని ముందే మాట్లాడుకోండి. ట్రాలీ నిలబెట్టిన రెండు గంటలకు కొంత ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. నలుగురు రైతులు పక్కపక్క చేన్లవాళ్లు ఒకే రోజు పెట్టుకుంటే ఒకే ట్రాలీ అందరికీ సరిపోతుంది.

ఇస్నాపూర్ నుంచి సంగారెడ్డి దాకా రోడ్డు పొడవునా వెల్డింగ్ షాపులున్నాయి. ఫ్యాక్టరీలకు చట్రాలు, స్టాండులు చేసిపెట్టే నేర్పున్న చేతులు అక్కడున్నాయి. ట్రాలీ వెనక డోరుకు బిగించే మూడడుగుల రోలర్ పలక, అంటే ఇనుప గొట్టాలు తిరిగే పలక, వాళ్లకు అరపూట పని. దాని మీద బస్తా పెడితే ఒక్క చేత్తో నూకవచ్చు. కాడి కింద మడిచి పెట్టుకునే స్టాండు కూడా ట్రాలీకే వెల్డు చేయించుకుంటే జాకీ కోసం వెతుక్కునే పని ఉండదు. చైన్ బ్లాకు, మూడు కాళ్ల స్టాండు గురించి కూడా అడుగుతుంటారు. యాభై కిలోల బస్తాకు అది అవసరం లేదు, ఒక్కో బస్తాకు గొలుసు గుంజుతూ కూర్చుంటే పొద్దు పోతుంది. ఎత్తులు సరిచూసుకుంటే చాలు.

ప్రభుత్వం 2014-15 నుంచి వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద పనిముట్లకు రాయితీలు ఇస్తున్నది, యంత్రాల అద్దె కేంద్రాలకూ సాయం ఇస్తున్నది. దున్నేవి, విత్తేవి, కోసేవి అందరూ అడుగుతారు. ఈసారి అద్దె కేంద్రానికి పోయినప్పుడు ఎరువు యంత్రంతో పాటు జల్లెడ ఉందా, షాఫ్టు తొడుగు ఉందా, ట్రాలీకి స్టాండు, రోలర్ పలక ఉన్నాయా అని అడగండి. నలుగురు అడిగితే కేంద్రంవాళ్లు తెచ్చి పెడతారు. పని అయిపోయాక యంత్రాన్ని నీళ్లతో కడిగి, ఆరబెట్టి, పళ్లేనికి, గొలుసులకు వాడిన ఇంజనాయిలు పూసి అప్పజెప్పండి. ఎరువు ఉప్పు ఇనుమును తింటుంది, తర్వాత తీసుకునే రైతుకు తుప్పు పట్టిన తొట్టి మిగలకూడదు.